చారలు పడ్డ బానెట్



కారుకి ఇంటి దగ్గరే రంగు వేసుకోవడం ఇప్పుడు పెద్ద కష్టమైన పనిలా కనిపించదు. కంప్రెసర్ అద్దెకి దొరుకుతుంది. షేడ్ కోడ్ చెబితే దుకాణంవాళ్లు రంగు కలిపి ఇస్తారు. స్ప్రే గన్ ఎలా పట్టుకోవాలో ఫోన్‌లో చూపించేవాళ్లకి కొదవ లేదు. సాయంత్రం షెడ్డులో ట్యూబ్‌లైటు కింద చూసుకుంటే బానెట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. మర్నాడు ఎండలోకి తీస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఒక చార ముదురు, పక్క చార లేత. అంచుల దగ్గర ప్రైమర్ బూడిద రంగు తొంగిచూస్తూ ఉంటుంది. ఈ పలుచన ఎందుకొస్తుంది, వచ్చాక ఏం చెయ్యాలి అన్నది ఈ పూట మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. పలుచగా కనిపించిన చోట ఇంకాస్త రంగు కొట్టేద్దామని చెయ్యి లాగుతుంది. ఇంటి పెయింటింగ్ చెడేది ఎక్కువగా అక్కడే. ఆ ఒక్క చోటు మీదే గన్ తిప్పి తిప్పి కొడితే రంగు కారుతుంది. కారకపోయినా ముద్దగా నిలుస్తుంది. చుట్టూ పొడి పొడిగా పరుచుకుని, చార ఉన్నచోట మచ్చ తయారవుతుంది. డబ్బాలో రంగు తక్కువై వచ్చిన జబ్బు కాదిది, పడిన రంగు సమంగా పడక వచ్చింది. అందుకే మందు ఆ చోటుకి కాకుండా రేకు మొత్తానికీ వెయ్యాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

ఫ్యాక్టరీలో వేసిన రంగు, అడుగున ఉండే ప్రైమర్ల దగ్గర్నుంచి పైన మెరిసే క్లియర్ దాకా, అన్ని పొరలూ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో మనకి రంగుగా కనిపించే బేస్‌కోట్ వాటా 15 నుంచి 25 మైక్రాన్లే. తల వెంట్రుక కూడా అంతకంటే బాగా మందంగా ఉంటుంది. ఇంత సన్నటి పొరలో ఒకచోట 20 మైక్రాన్లు, పక్కనే 12 పడ్డాయంటే కన్ను ఇట్టే పట్టేస్తుంది.

పైగా అన్ని రంగులూ ఒకేలా కప్పవు. నలుపు వెలుతురుని మింగేస్తుంది కాబట్టి రెండు కోట్లకే కింద ఏముందో తెలియనివ్వదు. తెలుపుది వేరే పద్ధతి. అందులో ఉండే టైటానియం డయాక్సైడ్ రేణువులు వెలుతురుని వంచి వెనక్కి చిమ్ముతాయి. ఎంత గట్టిగా చిమ్ముతాయన్నది రేణువుకీ, దాన్ని పట్టి ఉంచిన పదార్థానికీ మధ్య వక్రీభవన గుణకంలో ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. టైటానియం డయాక్సైడ్‌కి అది 2.7 దగ్గర, రంగులోని రెజిన్‌కి 1.5 దగ్గర. సంక్రాంతికి గోడలకి సున్నం వేసినవాళ్లకి ఈ సూత్రం పేరు తెలియకపోయినా సంగతి తెలుసు. తడి సున్నం కింద పాత గోడ కనిపిస్తూనే ఉంటుంది, ఆరేసరికి తెల్లగా కప్పేస్తుంది. నీళ్లు పోయి రేణువుల మధ్య సందుల్లోకి గాలి చేరడం వల్ల తేడా పెరుగుతుంది. కారు రంగులో అలా జరగదు. థిన్నర్ ఎగిరిపోయినా రెజిన్ మాత్రం రేణువుల చుట్టూ అలాగే ఉండిపోతుంది. తడిగా ఉన్నప్పుడు కింద ప్రైమర్ కనిపిస్తే ఆరాకా కనిపిస్తుంది. ఆరితే అదే సర్దుకుంటుందిలే అన్న ధీమా సున్నానికే చెల్లు.

ఎరుపు, పసుపు, నారింజ రంగులతో తంటా ఇంకా ఎక్కువ. ఒకప్పుడు వీటిలో సీసం కలిసిన క్రోమేట్లు వాడేవాళ్లు. అవి బాగా కప్పేవి కానీ విషం. వాటి బదులు వచ్చిన వర్ణకాలు చూడ్డానికి కాంతిగా ఉంటాయి గానీ, వాటిలో చాలావాటికి కప్పే బలం తక్కువ. అందుకని ఎర్ర బానెట్‌కి నాలుగైదు కోట్లు పట్టడం మామూలే. కింద ప్రైమర్ సగం, పాత రంగు సగం ఉన్నాయనుకోండి, ఐదో కోటు తర్వాత కూడా ఆ హద్దు పైకి కనిపిస్తుంది. రంగుల కంపెనీలు రకరకాల బూడిద ఛాయల్లో ప్రైమర్లు ఇచ్చేది ఇందుకే. ఏ షేడు కింద ఏ బూడిద వేస్తే తక్కువ కోట్లలో పని అవుతుందో వాళ్ల ఫార్ములాల్లో ఉంటుంది. రంగు కలిపించుకునేటప్పుడు కింద ఏ గ్రే వెయ్యాలని దుకాణంలో అడగండి. రేకు మొత్తం ఒకే ఛాయలో ఉంటే పైపూత మీద భారం చాలా తగ్గిపోతుంది.

మన షెడ్లలో డ్యూకో అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన నైట్రోసెల్యులోజ్ ల్యాకర్ పేరది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్ల మీద జనరల్ మోటార్స్ దాన్ని నీలం రంగులో వేసింది. అంతకుముందు ఒక కారుకి రంగులేసి ఆరబెట్టాలంటే వారాలు పట్టేది. డ్యూకో కోటు చూస్తుండగానే ఆరిపోయేది. కాకపోతే దానిలో థిన్నరు పాలు ఎక్కువ, మిగిలే గట్టి పదార్థం తక్కువ. థిన్నరు ఎగిరిపోయాక రేకు మీద నిలిచేది పలుచని పొర. మనవాళ్లు ఎన్‌సీ అని పిలిచే రంగులదీ, డబ్బా నొక్కితే వచ్చే స్ప్రే రంగుల్లో చాలావాటిదీ ఇదే తీరు. మొదటి కోటుకి కవరింగ్ రాలేదని కంగారుపడక్కర్లేదు. దాన్ని రాబట్టడానికి ఒకేసారి దట్టంగా కొట్టడం మాత్రం పొరపాటు.

ఇక చారల సంగతి. చారలకి కారణం మూడు చోట్ల వెతకాలి: గాలిలో, గన్‌లో, చేతిలో.

గాలితో మొదలుపెడదాం, ఎందుకంటే దీన్ని ఎవరూ అనుమానించరు. తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వాడే మామూలు హెచ్‌వీఎల్‌పీ గన్ నిమిషానికి 8 నుంచి 12 ఘనపుటడుగుల గాలి అడుగుతుంది. ఇంట్లో వాడే ఒక హార్స్‌పవర్ కంప్రెసర్ అందులో సగం ఇస్తే గొప్ప. బానెట్ మొదట్లో ట్యాంకు నిండుగా ఉంటుంది, రంగు చక్కగా పొగలా విచ్చుకుంటుంది. సగానికొచ్చేసరికి ఒత్తిడి పడిపోయి చుక్కలు లావవుతాయి. దాంతో ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుగ్గా వస్తుంది. మీటరు రీడింగు ట్రిగ్గర్ నొక్కి ఉంచి చూడాలి. వదిలేసినప్పుడు అది చూపించే అంకెని నమ్మకూడదు. కంప్రెసర్ చిన్నదైతే తక్కువ గాలి తాగే చిన్న గన్ వాడండి. రెండు మూడు వరుసలు కొట్టాక ట్యాంకు నిండేదాకా ఆగండి. ఆగడం మాత్రం వరుస పూర్తయి గన్ అంచు దాటాకే.

స్ప్రే డబ్బాదీ ఇదే కథ. లోపలి గ్యాసు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది, డబ్బా చల్లబడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, చివరికి ఉమ్మినట్టు చుక్కలు పడతాయి. రెండు డబ్బాలు దగ్గర పెట్టుకుని మార్చి మార్చి వాడితే ఈ బాధ ఉండదు. చల్లబడ్డదాన్ని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచవచ్చు. పొయ్యి దగ్గరికీ, మరిగే నీళ్లలోకీ తీసుకెళ్లకండి. 50 డిగ్రీలు దాటితే డబ్బా పేలే ప్రమాదం ఉంది. వాడేముందు లోపలి గోలీ చప్పుడు మొదలయ్యాక కూడా రెండు నిమిషాలు ఊపాలి. వర్ణకం అడుగున పేరుకుని ఉంటే మొదట వచ్చేది రంగునీళ్లే.

గన్ బాగుందో లేదో తెలుసుకోవడానికి షెడ్లలో ఒక పాత పరీక్ష ఉంది. గోడకి ఒక పాత పేపరు అంటించండి. రంగు విచ్చుకునే ఫ్యాన్ అడ్డంగా వచ్చేలా ముందున్న మూత తిప్పండి. గన్ కదపకుండా రంగు కారేదాకా కొట్టండి. కారిన చారలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇంచుమించు ఒకే పొడవుంటే గన్ బాగున్నట్టే. ఒకవైపే పొడుగ్గా కారితే మూత పక్కనుండే సన్నటి రంధ్రం మూసుకుపోయినట్టు. థిన్నర్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చెయ్యండి. ఇనుపతీగ దూర్చారంటే రంధ్రం పెద్దదై ఆ మూత ఇక ఎందుకూ పనికిరాదు. పేపరు మీద ఒక్క నిమిషం ఖర్చుపెట్టకుండా నేరుగా బానెట్ మీదికి వెళ్లడంలో ఏం తెలివి ఉందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

చేతి విషయానికొస్తే, గన్ రేకుకి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో ఉండాలి. స్ప్రే డబ్బా అయితే పది, పన్నెండు అంగుళాలు. ఒకేచోట నిలబడి మణికట్టు తిప్పుతూ కొడితే నడుమ ఎనిమిది అంగుళాలున్న దూరం చివర్లకి వెళ్లేసరికి పన్నెండు దాటుతుంది. నడుమ మందం, చివర్లు పలుచన. గన్‌తో పాటు మనిషి కూడా నడవాలి. ప్రతి వరుసా ముందు వరుస మీద సగం ఎక్కాలి. పావు వంతే ఎక్కిస్తే చారలు రావడం ఖాయం. ట్రిగ్గర్ అంచుకి ముందే నొక్కి, అంచు దాటాక వదలాలి. బానెట్‌తో ఇంకో చిక్కుంది. అది వెడల్పుగా ఉంటుంది, ఒకవైపు నిలబడితే అవతలి సగానికి చెయ్యి అందదు. ఒంగి సాగదీసి కొట్టిన చోటే పలుచన కనిపిస్తుంది. ఒక మనిషి సాయం దొరికితే బోల్టులు విప్పి బానెట్ కిందికి దించి, స్టాండు మీద పెట్టుకోండి. అప్పుడు చుట్టూ తిరగొచ్చు.

అంచుల విషయం మర్చిపోకండి. తడి రంగు పదునైన అంచు నుంచి తనంతట తాను వెనక్కి లాక్కుంటుంది, అది తలతన్యత చేసే పని. కాబట్టి మొదట అంచుల వెంట ఒక వరుస కొట్టి, తర్వాత మధ్యలోకి రావాలి.

రంగు కప్పిందో లేదో కన్నుతో చూసి చెప్పడం కష్టం, షెడ్డు వెలుతురులో మరీ కష్టం. తెల్ల అట్టముక్క మీద నల్ల ఇన్సులేషన్ టేపు ఒక పట్టీ అంటించి, బానెట్ పక్కనే మాస్కింగ్ పేపరు మీద పెట్టండి. ప్రతి కోటూ దానిమీదికి కూడా పోనివ్వండి. నలుపుకీ తెలుపుకీ మధ్య గీత కనబడకుండా పోయినప్పుడు బేస్‌కోట్ చాలినట్టు. పెద్ద పెయింట్ షాపుల్లో ఇదే పనికి అచ్చేసిన నలుపు తెలుపు స్టిక్కర్లు వాడతారు.

ఇంత జాగ్రత్తపడినా పలుచన వచ్చిందనుకుందాం. అది ఏ దశలో కంటపడిందన్న దాన్నిబట్టి చికిత్స మారుతుంది.

బేస్‌కోట్ ఇంకా తడిగా ఉండగానే చూశారా, అదృష్టవంతులు. గన్ కింద పెట్టండి. నిగారింపు పోయి రేకంతా ఒకేలా డల్‌గా మారేదాకా ఆగండి. ఎండాకాలంలో పది, పదిహేను నిమిషాలు, ముసురు రోజుల్లో దానికి రెట్టింపు. ఆ తర్వాత అంచు నుంచి అంచు దాకా, ముందు కోటుకి అడ్డంగా, ఇంకో మామూలు కోటు. అంతకుముందు నిలువుగా కొట్టి ఉంటే ఇప్పుడు అడ్డంగా. ఇలా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడితే చారలు ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. నాలుగైదు కోట్లు దాటినా కింద కనిపిస్తూనే ఉంటే ఇంకా కొట్టుకుంటూ పోకండి. థిన్నరు ఎక్కువ పోశారేమో, కింద ప్రైమర్ ఛాయ తప్పేమో చూసుకోండి. ఆరాక సరైన గ్రే ఒకటి వేసి మళ్లీ మొదలుపెడితే రంగూ మిగులుతుంది, సమయమూ మిగులుతుంది.

రాత్రంతా ఆరిపోయాక, క్లియర్ ఇంకా వెయ్యకముందు చూస్తే కాస్త శ్రమ. సాదా రంగు అయితే 800 నంబరు వాటర్ పేపర్‌తో, నీళ్లు పోస్తూ, తేలిగ్గా రుద్దండి. గరుకూ, చారల గట్లూ పోతే చాలు. రంగు మొత్తం లేచిపోనక్కర్లేదు. బాగా తుడిచి, ఆరబెట్టి, జిడ్డు తీసే ద్రావకంతో ఒక గుడ్డ, వెంటనే పొడిగుడ్డ. ఆ తర్వాత రేకు మొత్తానికీ బేస్. ఇక్కడ ఒక హెచ్చరిక. కింద ఉన్నది సింథటిక్ ఎనామిల్ అయితే దాని మీద ఎన్‌సీ రంగు కొట్టకండి. ఎన్‌సీ థిన్నరు ఘాటుకి ఎనామిల్ ఉబ్బి ముడతలు పడుతుంది. అప్పుడు పలుచన గొడవ పోయి, రేకు దాకా గీకాల్సిన గొడవ వస్తుంది.

క్లియర్ కూడా వేసేశాక చూస్తే అడ్డదారి లేదు. పైనుంచి ఇంకాస్త రంగు చల్లి పాలిష్ పెట్టేద్దామనుకుంటే నాలుగు నెలల్లో పొరలుగా లేస్తుంది. హార్డ్‌నర్ కలిపిన క్లియర్ అయితే మర్నాటిదాకా, డబ్బా ల్యాకర్ అయితే ఇంకొన్ని రోజులు గట్టిపడనివ్వండి. ఆపైన బానెట్ మొత్తం 800తో రుద్ది మెరుపు చంపేయండి. రుద్దేటప్పుడు ఎక్కడైనా ప్రైమర్ బయటపడితే అక్కడ ముందు ప్రైమర్, ఇనుము బయటపడితే అదే రోజు ఎపాక్సీ ప్రైమర్. కోస్తా గాలిలో తడి తగిలిన ఇనుము మీద గంటల్లోనే ఎర్రదనం వస్తుంది. తర్వాత బేస్, ఆపైన క్లియర్. క్లియర్ మాత్రం అంచు నుంచి అంచు దాకా పడాలి. రేకు నడుమ ఆపేసిన క్లియర్ ఆ గీత దగ్గరే ముందుగా లేస్తుంది.

కొన్నిసార్లు పలుచనలా కనిపించేది పలుచన కాదు. పుట్టీ పెట్టిన చోట పైరంగు పీల్చుకుపోయి, ఆ ముక్క ఒక్కటే మసకబారుతుంది. రంగు ఎన్నిసార్లు కొట్టినా ఆ మరక తిరిగి వస్తుంటే కారణం అదే. పుట్టీ మీదే కాకుండా దాని చుట్టూ కూడా ప్రైమర్ సర్ఫేసర్ వేసి, రుద్ది, అప్పుడు రంగుకి రావాలి. పుట్టీని నీళ్లతో రుద్దే అలవాటు మనవాళ్లలో ఉంది. అది నీళ్లు పీల్చుకుని తర్వాత బుడగలు తెస్తుంది. పొడిగానే రుద్దండి.

వెండి రంగు లాంటి మెటాలిక్ షేడ్ల లెక్క వేరు. వాటిలో అల్యూమినియం రేకలు ఉంటాయి. కోటు తడిగా పడితే రేకలు లోపలికి దిగి అడ్డదిడ్డంగా నిలబడతాయి, రంగు ముదురుగా కనిపిస్తుంది. పొడిగా పడితే పైనే చదునుగా పడుకుంటాయి, లేతగా కనిపిస్తుంది. అంటే మందం సరిపోయినా చారలు రావచ్చు. వాటి మీద ఇంకో తడి కోటు వేస్తే చారలు జరుగుతాయి తప్ప పోవు. వీటికి మందు బేస్ చివర్లో వేసే ఒక తేలికపాటి కోటు: గన్ పది, పన్నెండు అంగుళాల దూరానికి జరిపి, ఒత్తిడి కాస్త తగ్గించి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, చెయ్యి ఆపకుండా పోనివ్వాలి. రేకలన్నీ ఒకే తీరున సర్దుకుంటాయి. మెటాలిక్ బేస్‌ని రుద్ది నేరుగా క్లియర్ వెయ్యడం కుదరదు. రుద్దిన గీతల్లో రేకలు చెదిరిపోతాయి. రుద్దితే మళ్లీ బేస్ పడాల్సిందే.

వాతావరణం గురించి రెండు మాటలు. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బానెట్ మీద చెయ్యి పెట్టలేం. అప్పుడు కొట్టిన రంగు గాలిలోనే సగం ఆరి పొడిలా పడుతుంది, ఎన్ని కోట్లయినా కప్పినట్టుండదు. వానాకాలంలో ఎన్‌సీ రంగు మీద తెల్లటి మసక కమ్ముతుంది, గాలిలోని తేమ చేసే పని అది. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడితే కొంత తగ్గుతుంది. నన్నడిగితే చలికాలం ఉదయం, మంచు ఆరిపోయాక, దుమ్ము లేవకముందు చేసుకోండి.

ఇంట్లో ఏది చెయ్యొచ్చు, ఏది చెయ్యకూడదు? సాదా రంగు తలుపు, డిక్కీ, ఓపిక ఉంటే బానెట్ కూడా ధైర్యంగా చేసుకోవచ్చు. వెండి రంగు బానెట్, కారు టాపు మాత్రం వద్దంటాను. మూడు పొరల పెర్ల్ తెలుపు అసలే వద్దు. ఆ మధ్య పొరలో ఒక్క కోటు తేడా వచ్చినా పక్క రేకుతో కలవదు.

ఒక్క విషయంలో మాత్రం బేరం లేదు. హార్డ్‌నర్ కలిపే క్లియర్‌లలో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకి ఒకసారి పడకుండా పోయాయంటే, ఆ తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఉబ్బసం రావచ్చు. ముఖానికి కట్టుకున్న కర్చీఫూ, మందుల షాపు మాస్కూ దాన్ని ఆపలేవు. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేనప్పుడు ఆ ఒక్క పనీ బూత్ ఉన్న షాపుకి అప్పగించండి. ఏ రంగు కొట్టినా సరే, షెడ్డు తలుపులు తెరిచి ఉంచండి, కంప్రెసర్ బయట పెట్టండి, దగ్గర్లో పొయ్యి గానీ సిగరెట్టు గానీ వెలగనివ్వకండి, పిల్లల్ని అటువైపు రానివ్వకండి.